అవకాశానికి ధర: బంతాట పందెములపై ఒక చారిత్రక పరిశీలన

2022 నవంబరు 22వ తేదీన ఖతర్‌లోని లుసైల్ మైదానంలో, ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ పోటీలలో భాగంగా, సౌదీ అరేబియా జట్టు అర్జెంటీనా జట్టును 2–1తో ఓడించింది. అంతకు ముందు వరుసగా 36 పోటీలలో ఓటమి ఎరుగని జట్టు అర్జెంటీనా. ఆ తర్వాత డిసెంబరు 18న కప్పు గెలుచుకున్నది కూడా ఆ జట్టే. లుసైల్ పోటీలో సౌదీ గెలిచే అవకాశం నూటికి 8.7 పాళ్లు మాత్రమేనని గ్రేస్‌నోట్ అనే గణాంక సంస్థ అంచనా వేసింది. ఆట ముగిశాక ఆ లెక్క తప్పిందని చాలామంది నవ్వారు. నిజానికి అది తప్పలేదు. నూటికి ఎనిమిది తొమ్మిదిసార్లు జరుగగలదన్నది ఆనాడు జరిగింది, అంతే.

ఇటువంటి సంఖ్యలు ఇప్పుడు గణాంక సంస్థల కాగితాలకే పరిమితమై లేవు. అవి బజారులో ధరలై అమ్ముడవుతున్నాయి. ఈ బజారును అంచనాల విపణి అంటున్నారు. ఫలానా జట్టు గెలిస్తే ఒక డాలరు చెల్లించే చీటీ ఒకటి ఉంటుంది. ఆ జట్టు గెలవకపోతే చీటీకి విలువ లేదు. ఆటకు ముందు ఆ చీటీ 60 సెంట్లకు చేతులు మారుతున్నదంటే, ఆ జట్టు గెలిచే అవకాశం నూటికి అరవై అని విపణి భావిస్తున్నదని అర్థం చెబుతారు. ఇది జూదం కాదు, వాటాల వ్యాపారం వంటిది, పైగా లోకానికి జ్ఞానాన్ని అందిస్తుంది అని దాని సమర్థకుల వాదన. ఈ వాదనలో నిజం ఎంత? దానిని తూచి చూడాలంటే ఆ ధర ఎలా పుట్టిందో, ఎలా పెరిగిందో తెలుసుకోవడం అవసరం.

మధ్యలో ఆగిన ఆట

అవకాశానికి ధర కట్టే ప్రయత్నం ఐరోపా గణిత గ్రంథాలలో ఒక బంతాటతోనే కనిపించడం విశేషం. 1494లో వెనిస్ నగరంలో అచ్చయిన తన గణిత గ్రంథంలో లూకా పచోలీ ఒక సమస్యను ఉంచాడు. రెండు పక్షాలు పందెం ఒడ్డి బంతి ఆడుతున్నాయి. ఒక్కొక్క ఆటకు పది పాయింట్లు. ముందుగా అరవైకి చేరినవారిది గెలుపు. ఒక పక్షానికి యాభై, రెండవ పక్షానికి ఇరవై వచ్చినప్పుడు ఏదో కారణంగా ఆట ఆగిపోయింది. పందెపు సొమ్మును ఎలా పంచాలి?

వచ్చిన పాయింట్ల నిష్పత్తిలో, అంటే అయిదుకు రెండుగా పంచాలని పచోలీ చెప్పాడు. 1556లో టార్టాలియా దీనిని ఆక్షేపించాడు. ఒకరికి పది, మరొకరికి సున్నా ఉన్నప్పుడు ఆట ఆగితే సొమ్మంతా మొదటివాడికే పోతుంది గదా, అది న్యాయమా అని అతని ప్రశ్న. ఇది గణికుడి కన్న న్యాయాధికారి తేల్చవలసిన విషయమని కూడా అతను అభిప్రాయపడ్డాడు.

దారి దొరికింది 1654లో. ఫ్రాన్సు దేశీయులైన పాస్కల్, ఫెర్మా అనే ఇద్దరు గణితవేత్తలు ఉత్తరాల ద్వారా ఈ సమస్యను చర్చించారు. గడిచిన ఆటను కాదు, మిగిలిన ఆటను లెక్కించాలన్నది వారు కనుగొన్న సూత్రం. పచోలీ ఉదాహరణలో మొదటి పక్షానికి కావలసింది ఇంకొక్క గెలుపు. రెండవ పక్షం వరుసగా నాలుగు గెలవాలి. ఇరుపక్షాలు సమబలం గలవైతే ఆ నాలుగు గెలుపులూ వరుసగా దొరికే అవకాశం పదహారింట ఒకటి. కనుక సొమ్ములో పదిహేను పాళ్లు మొదటివారికి, ఒక పాలు రెండవవారికి చెందాలి. 1657లో హాలండు శాస్త్రజ్ఞుడు హైగెన్స్ దీనిని ఒక చిన్న గ్రంథంగా విస్తరించి, ఒక అవకాశాన్ని కొనడానికి ఎంత చెల్లిస్తే న్యాయం అన్న రూపంలో ప్రతి లెక్కనూ నడిపించాడు. నేటి చీటీ ధర వెనుక ఉన్న భావం ఇదే. ఆట నడుస్తుండగా మారుతున్న ప్రతి ధరా, ఈ క్షణంలో ఆట ఆగిపోతే పందెపు సొమ్ము ఎలా పంచాలి అన్న పాత ప్రశ్నకు ఒక జవాబు.

ధర ఏర్పడే తీరు

పాస్కల్ పక్షాలు సమబలం గలవి. ఫుట్‌బాల్ జట్లు అలా కావు. ఏ జట్టు ఎంత బలమైనదో ఎవరు చెప్పాలి? విపణిలో దానిని ఏ ఒక్కరూ చెప్పరు. ఒకడు గెలుపు చీటీని 60 సెంట్లకు కొంటానంటాడు. ఇంకొకడు ఆ జట్టు గెలవదన్న చీటీకి 40 సెంట్లు ఇస్తానంటాడు. ఇద్దరి సొమ్మూ కలిస్తే ఒక డాలరు. ఆట ముగిశాక అది వారిలో ఒకరికి పోతుంది. 60 తక్కువ అనుకునేవారు ఎక్కువైతే ధర పైకి పోతుంది, ఎక్కువ అనుకునేవారు పెరిగితే దిగుతుంది. చెదురుమదురుగా అనేకుల వద్ద ఉన్న సమాచారాన్ని ధర ఒకచోటికి చేర్చగలదని 1945లో హాయెక్ అనే ఆర్థికవేత్త రాసిన వ్యాసం ఈ విపణుల సమర్థకులకు మూలాధారం.

ఫుట్‌బాల్‌లో ఫలితాలు రెండు కాదు, మూడు: గెలుపు, ఓటమి, సమానం. మూడు చీటీల ధరలు కలిపితే ఒక డాలరు కావాలి. పాత పద్ధతి బుకీల వద్ద అలా ఉండదు. బుకీ ఒక జట్టు గెలుపుపై పెట్టిన సొమ్ముకు రెండింతలు, సమానంపై మూడింతలు, రెండవ జట్టు గెలుపుపై నాలుగింతలు ఇస్తానన్నాడనుకుందాం. అవి అవకాశాలుగా మారిస్తే 50, 33.3, 25. కలిపితే నూరు కావలసినవి 108.3 అవుతున్నాయి. ఆ పైనున్న 8.3 బుకీ తనకోసం ఉంచుకున్న అంతరం. దానిని తీసివేసి నూటికి సరిచేస్తే అసలు అంచనాలు సుమారు 46, 31, 23. పందెగాడు చూసేది ఆశ చూపిన ఇంతలనే; ఈ అంతరం అతని కంట పడదు.

మరి 46 అన్న అంకె ఎక్కడిది? గోల్స్ అరుదుగా పడతాయి, ఎప్పుడు పడతాయో తెలియదు. ఇటువంటి అరుదైన ఘటనలను లెక్కించే సూత్రాన్ని ఫ్రెంచి గణితవేత్త పువాసన్ 1837లో ప్రకటించాడు. 1982లో మహర్ అనే పరిశోధకుడు, 1997లో డిక్సన్, కోల్స్ అనేవారు దానిని ఫుట్‌బాల్ గోల్స్‌కు క్రమపద్ధతిలో అన్వయించారు. సగటున ఒక జట్టు ఒకటిన్నర గోల్స్, రెండవది ఒక గోల్ చేయగలవనుకుంటే, ఆ సూత్రం ప్రకారం బలమైన జట్టు గెలిచే అవకాశం సుమారు 49, సమానమయ్యే అవకాశం 26, బలహీనమైన జట్టు గెలిచే అవకాశం 25. బలంలో సగం ఎక్కువ ఉన్నా గెలుపు అవకాశం నూటికి యాభై కూడా దాటదు. గోల్స్ తక్కువ పడే ఆటలో చిన్నవాడు పెద్దవాడిని పడగొట్టడం అంత అరుదు కాదు.

అదే పోటీలో పదిహేను నిమిషాలే మిగిలి, ఎవరూ గోల్ చేయలేదనుకుందాం. అప్పుడు అదే లెక్క 19, 69, 12గా మారుతుంది. మైదానంలో ఏమీ జరగలేదు, అయినా సమానపు చీటీ ధర 26 నుంచి 69కి చేరింది. ఏమీ జరగకపోవడం కూడా ఒక వార్తే. ఇక గోల్ పడినా, ముఖ్యమైన ఆటగాడు గాయపడి కుంటుతూ బయటికి నడిచినా, ధర క్షణాలలో ఎగిరిపడుతుంది.

బుకీ నుంచి విపణి దాకా

ఫలితాలపై పందెం కాయడం ఆధునికుల ఆవిష్కరణ ఏమీ కాదు. ఇటలీలో కొత్త పోపు ఎవరవుతారన్న దానిపై 16వ శతాబ్దిలో పందేలు జోరుగా సాగాయి. పద్నాల్గవ గ్రెగరీ పోపు 1591లో వాటిని నిషేధించవలసి వచ్చింది. ఫుట్‌బాల్ విషయానికి వస్తే, 1923లో ఇంగ్లండులో లిటిల్‌వుడ్స్ సంస్థ ప్రారంభించిన పూల్ కూపన్లు కార్మిక కుటుంబాల ఇళ్లలోకి వారం వారం ప్రవేశించాయి. 1960 నాటి చట్టంతో బ్రిటన్‌లో పందెపు దుకాణాలకు అనుమతి లభించి, 1961లో అవి వీధులలో వెలిశాయి.

1988లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం చిన్న మొత్తాలతో ఎన్నికల ఫలితాలపై ఒక విపణిని పరిశోధన నిమిత్తం నడిపింది. 2000లో బ్రిటన్‌లో బెట్‌ఫెయిర్ సంస్థ బుకీని మధ్యనుంచి తప్పించి, పందెగాళ్లు ఒకరితో ఒకరు బేరమాడుకునే వేదికను తెరిచి, గెలిచిన సొమ్ములో రుసుము తీసుకోసాగింది. 2025లో అమెరికాలో కల్షీ సంస్థ క్రీడల ఫలితాలపై చీటీలను అమ్మడం ఆరంభించింది. నెవాడా, న్యూజెర్సీ వంటి రాష్ట్రాల అధికారులు ఇది అనుమతి లేని పందెమేనని, ఆపివేయాలని ఆదేశించారు. ఇది కేంద్ర చట్టం కింద అనుమతి పొందిన ఒప్పందాల క్రయవిక్రయమని సంస్థ న్యాయస్థానాలలో వాదించింది. మన దేశంలో తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో పందెం ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలపై చట్టాలు సవరించగా, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ నిషేధ చట్టం చేసింది.

ఇంతకాలంలో మారినది మధ్యవర్తి, రుసుము, పేరు. ఒకరి లాభం మరొకరి నష్టం నుంచే రావడం మాత్రం మారలేదు. ధాన్యం అమ్మినవాడికి సొమ్ము, కొన్నవాడికి ధాన్యం దక్కుతాయి. ఇక్కడ చీటీ అమ్మినవాడు, కొన్నవాడు ఇద్దరిలో ఒకడు రిక్తహస్తాలతో ఇంటికి పోవలసిందే.

మైసిర్, దాని లాభాలు

అరబ్బుల అజ్ఞానకాలపు జూదం మైసిర్ ఈ చర్చకు దూరమైనది కాదు. హిజ్రీ మూడవ శతాబ్దికి చెందిన ఇబ్ను ఖుతైబా దీనిపై ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశారు. ఒంటెను కోసి భాగాలు చేసేవారు. సంచిలో పది బాణాలు ఉండేవి. ఏడింటికి వరుసగా ఒకటి నుంచి ఏడు వరకు వాటాలు, మూడు ఖాళీవి. ఎవరి పేరిట ఏ బాణం వస్తే వారికి అంత మాంసం. ఓడినవారు ఒంటె వెల భరించేవారు. గెలిచినవారు ఆ మాంసాన్ని తాము తినక బీదలకు పంచి, ఆ దాతృత్వాన్ని గర్వంగా చెప్పుకునేవారు. కరవు రోజులలో అది ఎందరికో ఆకలి తీర్చేది.

ఈ నేపథ్యం తెలిస్తే అల్‌బఖరా సూరా 219వ ఆయత్ లోతు అర్థమవుతుంది. మద్యం, మైసిర్‌లలో ప్రజలకు కొన్ని ప్రయోజనాలున్నాయని దివ్యఖుర్‌ఆన్ కాదనలేదు. వాటి పాపం ఆ ప్రయోజనాన్ని మించినదని తీర్పు చెప్పింది. అంటే, ఇందులో మేలు కూడా ఉన్నది గదా అన్న వాదనను విన్న మీదట ఇచ్చిన తీర్పు అది. అల్‌మాయిదా సూరా 90, 91 ఆయత్‌లు నిషేధాన్ని సంపూర్ణం గావిస్తూ, ద్వేషం, వైరం, దైవస్మరణకు ఆటంకం అన్న కారణాలను పేర్కొన్నాయి. జాతకం అడిగే బాణాలను అక్కడే మైసిర్ నుంచి వేరుగా చెప్పడం గమనార్హం. ఆ తేడా ఇక్కడ ఉపయోగపడుతుంది. అవకాశాన్ని లెక్కించడం గైబ్ తెలుసునని చెప్పుకోవడం కాదు. అంచనాల విపణిపై ఆక్షేపణ జోస్యం గురించి కాదు, ఒడ్డిన సొమ్ము గురించి.

ఫలితంపై పందెం అన్న మాటకు ఇస్లామీయ చరిత్రలో ప్రసిద్ధమైన ఉదాహరణ హజ్రత్ అబూబక్ర్ (రజి)ది. 614లో పర్షియన్లు జెరూసలేమును పట్టుకున్నారు. రోమనులు వరుసగా ఓడుతున్నారు. కొద్ది సంవత్సరాలలో రోమనులు తిరిగి జయిస్తారని అర్‌రూమ్ సూరా ప్రకటించింది. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఒక ఖురైష్ ప్రముఖుడితో, కొన్ని రివాయత్‌ల ప్రకారం ఉబయ్ బిన్ ఖలఫ్‌తో, దీనిపై ఒంటెలు పందెం ఒడ్డారు. మొదట పెట్టిన గడువు తక్కువ. ఆయత్‌లోని ‘బిజ్అ’ అన్న పదం మూడు నుంచి తొమ్మిది వరకు వర్తిస్తుందని దైవప్రవక్త (సఅసం) తెలుపగా, గడువును, పందాన్ని పెంచారు. 627 డిసెంబరులో నీనెవా యుద్ధంలో రోమను చక్రవర్తి హెరాక్లియస్ పర్షియన్లను ఓడించాడు. ఇది జూదం నిషేధింపబడక ముందు కుదిరిన పందెమని తిర్మిజీలోని ఒక రివాయత్ స్పష్టం చేస్తున్నది. గెలిచిన ఒంటెలను దానం చేయమన్నారని మరికొన్ని రివాయత్‌లు. ఆయన నమ్మకానికి ఆధారం వహీ. విపణిలోని అంచనా కాదు. కనుక ఈ వృత్తాంతాన్ని నేటి చీటీలకు అనుమతిగా చూపడం చెల్లదు.

మూడవ రౌతు

అయితే షరీఅత్ ప్రతి పోటీ బహుమతినీ ఒకే గాటన కట్టలేదు. ఒంటె, గుర్రం, బాణం పోటీలలో బహుమతిని హదీస్ అనుమతించింది. అవి యుద్ధశిక్షణకు సంబంధించినవి. బహుమతిని పాలకుడో, మూడవవాడో ఇస్తే చిక్కు లేదు. ఇద్దరు రౌతులూ సొమ్ము ఒడ్డితే? ఏమీ ఒడ్డని మూడవ రౌతు వారి మధ్య పరుగులో చేరాలని అనేకమంది ఫుఖహా షరతు పెట్టారు. అతనిని ముహల్లిల్ అన్నారు. అతని గుర్రం ఓడిపోవడం ముందే ఖాయమై ఉండరాదు. ఓటమి నిశ్చయమైతే అతను పేరుకే పోటీదారు. అది జూదమే అవుతుంది. ఇబ్నుల్ ఖయ్యిం వంటివారు ఈ షరతు అవసరం లేదన్నారు. ఏమైనా, అవకాశం నిజమైనదా నామమాత్రమా అన్న ప్రశ్నను పాస్కల్‌కు శతాబ్దాల ముందే ఫిఖహ్ గ్రంథాలు అడిగాయి. అవి చూసినది పరుగెత్తే రౌతును. గట్టున కూర్చుని ఇతరుల పరుగుపై ఒడ్డేవాడికి ఆ గ్రంథాలలో చోటు లేదు.

కొలతే వేడి పుట్టిస్తే

విపణి సమర్థకులు ధరను ఉష్ణమాపకంతో పోల్చుతారు. వేడిని అది కొలుస్తుందే గాని పుట్టించదు. ఫుట్‌బాల్ చరిత్ర ఈ పోలికను ఒప్పుకోదు. 1915 ఏప్రిల్ 2న మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్ జట్ల మధ్య పోటీ 2–0తో ముగిసింది. సరిగ్గా ఆ స్కోరుపైనే, ఒకటికి ఏడు చొప్పున, అసాధారణంగా సొమ్ము పడినట్లు తేలింది. విచారణలో ఆటగాళ్లే ముందుగా కూడబలుక్కున్నట్లు రుజువై, ఏడుగురిపై నిషేధం పడింది. 1980లో ఇటలీలో ఇటువంటి కుంభకోణమే బయటపడి మిలాన్, లాజియో జట్లను కింది తరగతికి దించారు. వానపై పందెం కాసినంత మాత్రాన మబ్బు మారదు. ఆటగాడు మనిషి; ధర అతని చెవిన పడుతుంది.

ఇంకొక సంగతి. గెలుపు అవకాశం చాలా తక్కువ ఉన్న గుర్రాలపై పందెగాళ్లు వాటి యోగ్యతకు మించి సొమ్ము పోస్తారని 1949లోనే గ్రిఫిత్ అనే మనస్తత్వ పరిశోధకుడు చూపాడు. పెద్ద మొత్తం ఆశ లెక్కను చెడగొడుతుంది. విపణి ఎంత చక్కగా నడిచినా, తెలిసినవాడి లాభం తెలియనివాడి జేబు నుంచి వస్తుంది. ఆ తెలియనివాడు సాధారణంగా నెల జీతం మీద బతికే యువకుడు.

పందెం లేని లెక్క

అయితే ఆ జ్ఞానం సంగతి ఏమిటి? పందెం లేకపోతే అది దొరకదా? చరిత్ర దొరుకుతుందనే చెబుతున్నది. తొమ్మిదవ శతాబ్దిలో అల్‌కిందీ రహస్యలిపిని ఛేదించడానికి ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కించే పద్ధతిని వివరించారు. తరచుదనాన్ని బట్టి తెలియనిదానిని ఊహించే ఆ విద్య జూదశాలలో పుట్టలేదు. 1950లో అమెరికా వాతావరణ శాఖకు చెందిన బ్రైయర్, వాన అంచనాలు ఎంత సరైనవో కొలిచే ఒక సూత్రాన్ని ఇచ్చాడు. నూటికి డెబ్భై అని చెప్పిన రోజులలో నిజంగా డెబ్భైసార్లు వాన కురిసిందా అని చూడడమే అందులోని కీలకం. దానికి ఎవరూ సొమ్ము ఒడ్డనక్కరలేదు.

ఇంతకన్న సూటియైన నిదర్శనం 2004లో వెలువడింది. 2003 నాటి అమెరికన్ ఫుట్‌బాల్ పోటీలు 208 తీసుకుని, నిజమైన డబ్బుతో నడిచిన విపణిని, ఉత్తుత్తి పాయింట్లతో నడిచిన విపణిని నలుగురు పరిశోధకులు పోల్చి చూశారు. రెండింటి అంచనాలూ సమానంగా సరిపోయాయి. డబ్బు ఒడ్డినందువల్ల జ్ఞానం పెరగలేదు.

మైసిర్ సమర్థకుడు ఆనాడు బీదవాడి పళ్లెంలోని మాంసాన్ని చూపాడు. అంచనాల విపణి సమర్థకుడు నేడు నూటికి అరవై అన్న అంకెను చూపుతున్నాడు. రెండూ నిజమైన ప్రయోజనాలే. బీదవాడికి మాంసం బాణాలు లాగకుండానే పెట్టవచ్చునని జకాత్, సదఖా వ్యవస్థ చూపింది. అంకెను కూడా ఎవరి సొమ్మూ ఒడ్డకుండానే తెలుసుకోవచ్చునని ఆ 208 పోటీలు చూపాయి. ఆ తర్వాత చీటీలో మిగిలేది పందెం ఒక్కటే. దాని సంగతి గణికుడి కన్న న్యాయాధికారి తేల్చవలసినదని టార్టాలియా 1556లోనే గ్రహించాడు. ముస్లిం పాఠకుడి ముందు ఆ తీర్పు అంతకు తొమ్మిది శతాబ్దాల పూర్వం నుంచే ఉన్నది.